బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు: బెజవాడ, గుంటూరు థియేటర్లలో లాప్రోస్కోపీ తొలిరోజులు

తొంభైల్లో సూర్యారావుపేట సందుల్లో, గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ హోముల బోర్డుల మీదికి ఒక కొత్త మాట ఎక్కింది: లాప్రోస్కోపిక్ సర్జన్. అంటే పొట్టకు పెట్టిన చిన్న గంటులోంచి లాప్రోస్కోపు అనే సన్నటి టెలిస్కోపు దూర్చి, చూస్తూ ఆపరేషన్ చేసే డాక్టరు. అంతకుముందు గాల్ బ్లాడర్‌లో రాళ్లంటే కుడి డొక్కలో పక్కటెముకల కింద జానెడు కోత. కడుపులోంచి బయటికి ఒక రబ్బరు గొట్టం, వారం పది రోజులు ఆస్పత్రి మంచం, దగ్గొస్తే కుట్ల మీద దిండు అదుముకోవడం, ఆ తర్వాత నెలన్నర బరువెత్తకూడదు. మిరపకాయ కోతల్లో ఆ నొప్పి వచ్చిందంటే పంట యార్డుకు చేరేదాకా మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లు. అలాంటి చోట బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు, ఇంకో మూడు చిన్న గంట్లు, రెండో రోజో మూడో రోజో ఇంటికి వెళ్లిపోవచ్చు అంటే జనం వెంటనే నమ్మలేదు. ‘టీవీలో చూస్తూ చేసే ఆపరేషనంట’ అని చెప్పుకునేవాళ్లు. చెప్పుకున్నది నిజమే.

ఆ తొలి సంవత్సరాలను తలుచుకోవడం పాత రోజుల మీద మమకారంతో మాత్రమే కాదు. అప్పటి మెషీన్లు మొండివి. ఏదీ తనంతట తాను సర్దుకునేది కాదు. అందువల్ల థియేటర్లో సర్జన్ నుంచి వార్డ్ బాయ్ దాకా ప్రతి ఒక్కరికీ ఏది ఎందుకు ఆగుతుందో తెలిసి ఉండేది. లాప్రోస్కోపిక్ సర్జన్ నేర్పు అంటే చేతివేగం అనుకుంటారు చాలామంది. ఆ రోజులను దగ్గర నుంచి చూసినవాళ్లకు మాత్రం అది సిద్ధం చేసుకోవడంలో, సరిగ్గా కనబడేదాకా కత్తెర ఎత్తకపోవడంలో ఉందని తెలుసు.

నిజానికి లాప్రోస్కోపు మన జిల్లాలకు అంతకు చాలా ముందే వచ్చింది, కాకపోతే సర్జన్ల చేతికి కాదు, ప్రసూతి డాక్టర్ల చేతికి. కు.ని. ఆపరేషన్ల క్యాంపుల్లో ‘డీపీఎల్’ (డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ) అన్నది ఊరూరా తెలిసిన మాట. లోకల్ మత్తు, తల వైపు కిందికి వంచిన బల్ల, కడుపులోకి గ్యాస్, అండవాహికను చిన్న మడతగా లోపలికి లాక్కుని దాని మీదికి సిలికాన్ రింగు జార్చడం. డాక్టరమ్మ ఒక కన్ను మూసి ఐపీస్‌లోంచి చూసేది. లోపల ఏముందో ఆవిడకు తప్ప పక్కనున్న సిస్టర్‌కు కూడా కనబడేది కాదు. ప్రపంచంలోనూ కథ ఇలాగే నడిచింది. జర్మనీలోని కీల్ నగరంలో కర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు 1980లో లాప్రోస్కోపుతో అపెండిక్స్ తీస్తే అక్కడి సర్జన్లు మండిపడ్డారు. 1985లో ఎరిక్ మ్యూహె గాల్ బ్లాడర్ తీస్తే పట్టించుకోలేదు. మళ్లీ అదే దేశపు సర్జన్ల సంఘం 1992లో ఆయన్ను గౌరవించింది. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే వీడియో కెమెరా పెట్టి అదే ఆపరేషన్ చేశాడు. మన దేశంలో 1990లో ముంబై జేజే ఆస్పత్రిలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. అక్కణ్ణించి కృష్ణా తీరం చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

కెమెరా రావడమే అసలు మలుపు. లోపల జరిగేది గదిలో అందరికీ కనబడింది. సాయం పట్టే చెయ్యి కూడా చూస్తూ సాయం పట్టగలిగింది. గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నాటిది, బెజవాడ సిద్ధార్థ 1980లో మొదలైంది. ఆ కాలేజీల్లో సర్జరీ చదివినవాళ్లు పెద్ద కోతలో చేత్తో తడిమి తెలుసుకోవడం నేర్చుకుని వచ్చినవాళ్లు. ఇప్పుడు తడమడానికి లేదు, లోతు తెలియదు, అంతా చదును తెర. వేలితో రాయి ఎక్కడుందో చెప్పగలిగే ఆ నేర్పును పక్కన పెట్టి, నడివయసులో మళ్లీ విద్యార్థుల్లా ముంబై, కోయంబత్తూరు వెళ్లి కూర్చున్న పెద్ద సర్జన్లంటే ఇప్పటికీ గౌరవం.

ట్రాలీ గురించి చెప్పాలి. పైన బరువైన పాత తరం మానిటర్, కింద కెమెరా యూనిట్, దాని కింద లైట్ సోర్సు, కడుపులోకి గ్యాస్ నింపే ఇన్‌సఫ్లేటర్, పక్కన గొలుసుతో కట్టిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. టెలిస్కోపు లోపల గాజు కడ్డీలు వరసగా ఉంటాయి. హాప్కిన్స్ అనే భౌతిక శాస్త్రవేత్త చేసిన ఏర్పాటు అది. కాబట్టి దాన్ని ఐపీస్ వైపు పట్టుకోవాలి తప్ప సన్నటి చివర పట్టుకుని ఎత్తకూడదు, ట్రేలో దాని మీద బరువైన పనిముట్టు పెట్టకూడదు. కొంచెం వంగినా లోపల కడ్డీ చిట్లుతుంది, తెర మీద ఒక పక్క నల్లటి చంద్రవంక కనిపిస్తుంది. లైట్ కేబుల్‌లో వేల సన్నటి గాజు పోగులు ఉంటాయి. ఒక కొన ట్యూబ్‌లైట్ వైపు పెట్టి రెండో కొనలో చూస్తే తెగిన పోగులు నల్లచుక్కల్లా కనబడతాయి. పావు వంతు నల్లబడితే ఇక మార్చాల్సిందే. బొమ్మ మసకగా ఉందని కెమెరాను తిట్టుకునేవాళ్లు, చాలాసార్లు కేబుల్‌దో, కొన మీద ఎండిన రక్తపు మరకదో తప్పు. వెలుగుతున్న కేబుల్‌ను టెలిస్కోపు నుంచి తీసి గుడ్డ మీద పెడితే గుడ్డ మాడి పేషెంటు చర్మం కాలుతుంది. అందుకే తీసేముందు లైట్ స్టాండ్‌బైలో పెట్టమని సిస్టర్ అరిచేది.

లెన్సు మీద ఆవిరి పట్టడం ఇంకో గోల. ఏసీ గదిలో చల్లబడిన గాజును 37 డిగ్రీల కడుపులోకి తోస్తే క్షణంలో తెల్లటి పొర. దానికి స్టెరైల్ చేసిన స్టీలు ఫ్లాస్కులో వేడి నీళ్లు పోసి టెలిస్కోపు కొనను అందులో నిలబెట్టేవాళ్లు. తీసి బెటాడిన్ అద్దిన గాజుగుడ్డతో ఒక్కసారి తుడిచి లోపలికి పంపడం. అయినా మళ్లీ మళ్లీ పొర పడుతోందంటే గ్యాస్ గొట్టం ఎక్కడ తగిలించారో చూడాలి. కెమెరా దూర్చిన పోర్టుకే (పొట్ట గోడలోంచి దించే గొట్టానికే) తగిలిస్తే చల్లటి పొడి గ్యాస్ నేరుగా లెన్సు మీదికి కొడుతుంది. దాన్ని వేరే పోర్టుకు మారిస్తే సగం బాధ పోతుంది. ఇప్పటికీ చాలా చోట్ల కుర్ర సర్జన్లకు ఈ చిన్న సంగతి తెలియక పది నిమిషాలకోసారి కెమెరా బయటికి తీస్తుంటారు. ఆపరేషన్ మొదలయ్యేముందు తెల్ల గాజుగుడ్డ చూపించి వైట్ బ్యాలెన్స్ చెయ్యడం మరిచిపోతే రంగులన్నీ పచ్చగానో ఎర్రగానో మారతాయి. పిత్తం ఏదో పాత రక్తం ఏదో తేల్చుకోవాల్సిన చోట అది చిన్న విషయం కాదు.

సిలిండర్‌కు ఉన్న గుణం ఒకటి కొత్తవాళ్లను బాగా మోసం చేస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ఏసీ థియేటర్లో ద్రవం ఉన్నంతసేపూ పైన గ్యాస్ ఒత్తిడి మారదు, ముల్లు కదలదు. ద్రవం అయిపోగానే ముల్లు ఒక్కసారిగా పడిపోతుంది. ఆక్సిజన్ సిలిండర్‌లాగా ముల్లు చూసి ‘సగం ఉంది’ అనుకుంటే నడిమధ్యలో కడుపు చప్పబడుతుంది. అనుభవం ఉన్న టెక్నీషియన్లు సిలిండర్‌ను తూకం వేసేవాళ్లు, ఖాళీ బరువు మెడ మీద కొట్టి ఉంటుంది కదా. నిండుదొకటి ఎప్పుడూ పక్కన ఉంచేవాళ్లు. దాన్ని పడుకోబెట్టి వాడకూడదు, ద్రవం ఇన్‌సఫ్లేటర్‌లోకి పోతే మెషీన్ పాడవుతుంది. మే నెలలో బయట వరండాలో ఎండ తగిలే చోట నిలబెట్టడం మరీ ప్రమాదం. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవదు, ఒత్తిడి బాగా పెరిగిపోతుంది. బెజవాడ ఎండల్లో 31 అంటే పొద్దున్నే దాటేస్తుంది.

గాలి కాకుండా ఈ గ్యాసే ఎందుకంటే రెండు కారణాలు. డయాతెర్మీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) నిప్పురవ్వకు మంట అంటుకోదు, రక్తంలోకి పోయినా త్వరగా కరిగి ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. ఆ వచ్చేదాన్ని కొలవడానికి మత్తు డాక్టర్ దగ్గర కాప్నోగ్రాఫ్ ఉండాలి. తొలినాళ్లలో అది లేని థియేటర్లుండేవి. గ్యాస్ వేగంగా నింపితే నాడి ఒక్కసారిగా పడిపోతుంది, నాడిని పెంచే అట్రోపిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకోవాలి, సర్జన్ గ్యాస్ ఆపాలి. అందుకే మొదట నిమిషానికి లీటరు చొప్పున మొదలుపెట్టి, లోపలి ఒత్తిడిని నెమ్మదిగా 12 మిల్లీమీటర్ల పాదరసం దాకా తీసుకెళ్తారు. 15 దాటించరు.

ఇన్‌సఫ్లేటర్ మీద నాలుగు అంకెలు ఉంటాయి: అడిగిన ఒత్తిడి, ఉన్న ఒత్తిడి, గ్యాస్ వేగం, ఇప్పటిదాకా పోయిన మొత్తం. ఈ నాలుగూ చదవడం వచ్చినవాడే సర్జన్‌కు మంచి తోడు. ఒత్తిడి ఎక్కువ, వేగం సున్నా అంటే సూది కొన ఎక్కడో అడ్డం పడింది, లేదా కొళాయి మూసి ఉంది, లేదా మత్తు పలచబడి పేషెంటు కడుపు బిగిస్తున్నాడు. ఒత్తిడి తక్కువ, వేగం ఎక్కువ అంటే ఎక్కడో కారుతోంది. పోర్టు వాషరు చిరిగి ఉంటుంది చూసుకోవాలి.

మొదటి సూది వెరెస్ నీడిల్. హంగరీ డాక్టరు వెరెస్ 1930ల్లో క్షయ రోగుల ఛాతీ కోసం చేసిన స్ప్రింగు సూది అది. మొన కణజాలం దాటగానే లోపలి మొద్దు కడ్డీ ముందుకు వచ్చి మొనను కప్పేస్తుంది. బొడ్డు దగ్గర పొట్ట గోడను పైకెత్తి పట్టుకుని, సూదిని పెన్నులా పట్టి దించితే రెండుసార్లు ‘టక్’మంటుంది. మొదటిది గట్టి పొరది, రెండోది పెరిటోనియంది. సన్నటివాళ్లలో కటి వైపు 45 డిగ్రీలు వాల్చాలి, ఎందుకంటే బొడ్డుకు కింద పెద్ద రక్తనాళం రెండు సెంటీమీటర్ల దూరంలోనే ఉండొచ్చు. లావుపాటివాళ్లలో దాదాపు నిట్టనిలువుగా. దిగాక సిరంజితో లాగి చూడాలి, రక్తం గానీ పేగు నీళ్లు గానీ రాకూడదు. ఐదు ఎంఎల్ సెలైన్ ఎక్కిస్తే సులువుగా పోవాలి, మళ్లీ లాగితే తిరిగి రాకూడదు. గ్యాస్ తగిలించగానే మొదటి ఒత్తిడి 10 లోపు ఉండాలి. సరిగ్గా ఉందో లేదోనని సూదిని అటూ ఇటూ తిప్పడం మాత్రం మహా పాపం, గీతంత రంధ్రాన్ని చీరికగా మారుస్తుంది. అనుమానంగా ఉంటే తీసి మళ్లీ వెయ్యాలి. అదివరకు పొట్టకు నిలువు కోత పడినవాళ్లలో పేగు బొడ్డు కింద అతుక్కుని ఉండొచ్చు. వాళ్లకు ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్‌తో కడుపు ఖాళీ చేసి, ఎడమ పక్కటెముకల కింద మూడు సెంటీమీటర్ల దగ్గర పామర్ పాయింటులోంచి వెళ్తారు, లేదా హాసన్ పద్ధతిలో చిన్న కోత పెట్టి కంటితో చూస్తూ పోర్టు దించుతారు. టెలిస్కోపు లోపలికి వెళ్లగానే మొదట చూడాల్సింది గాల్ బ్లాడర్‌ను కాదు, దిగిన చోటికి సరిగ్గా కింద ఏం జరిగిందో.

ఇక అసలు పని. బల్ల తల వైపు పైకి, కుడి పక్క పైకి వాల్చగానే జీర్ణాశయం, పెద్ద పేగు వాటంతట అవే కిందికి జారతాయి. ఒక పట్టకారు గాల్ బ్లాడర్ గుండు భాగాన్ని కుడి భుజం వైపు నెడుతుంది. రెండోది మెడ దగ్గర పట్టుకుని బయటికి, కిందికి లాగాలి. ఇక్కడే ఒక సర్జన్ భవిష్యత్తు తేలుతుంది. మెడను కూడా పైకే లాగితే సన్నటి సిస్టిక్ డక్ట్ (గాల్ బ్లాడర్ నుంచి వచ్చే నాళం), దాని వెనకాల ఉన్న అసలు పిత్తనాళం ఒకే గీతలోకి వచ్చేస్తాయి. చూసే కంటికి రెండూ ఒక్కటే అనిపిస్తాయి. అసలు నాళానికి, దాన్ని నొక్కి మూసే లోహపు క్లిప్పు పడి తెగిందంటే ఆ మనిషికి కామెర్లు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు, కొన్నిసార్లు జీవితాంతం తిప్పలు. పెద్ద కోత రోజులకంటే ఈ గాయాలు తొలినాళ్లలో పెరిగాయన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నిజం. కారణం చేతి వణుకు కాదు. కన్ను తనకు తెలిసిందే చూస్తుంది, అది సిస్టిక్ డక్టే అని ఒకసారి మనసు ఒప్పుకున్నాక ఎదురుగా కనబడే వేరే ఆనవాళ్లను పట్టించుకోదు.

1995లో స్ట్రాస్‌బర్గ్ అనే అమెరికా సర్జన్ దీనికి తిరుగులేని నియమం ఒకటి రాశాడు. ముందు గాల్ బ్లాడర్ మెడ దగ్గర, నాళాలకూ కాలేయానికీ మధ్య ఉండే త్రికోణంలో కొవ్వు, నార అంతా శుభ్రం చెయ్యాలి. గాల్ బ్లాడర్ కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీయాలి. అప్పుడు దానిలోకి వెళ్లేవి రెండే రెండు కనబడాలి, ఒకటి నాళం, ఒకటి ధమని. రెండింటి మధ్యలోంచి కాలేయం కనబడాలి. ముందు నుంచీ వెనక నుంచీ రెండు వైపులా చూసి, పక్కనున్నవాళ్లకు చూపించి, అప్పుడు క్లిప్పు. కాలేయం మీద రూవియేర్ అనే గాడి ఉంటుంది చాలామందిలో, దానికి పైనే పని చెయ్యాలి, కిందికి దిగకూడదు. మంచి యూనిట్లలో ఈ దశలో సర్జన్ చేతులు ఆపి, ‘చూశారా అందరూ?’ అని అడిగేవాడు. హౌస్ సర్జన్‌కు అనుమానం ఉంటే చెప్పే స్వేచ్ఛ ఉండేది. ఆ ఒక్క ప్రశ్న వల్ల ఎంతమంది నాళాలు దక్కాయో లెక్కకట్టేవాళ్లు లేరు.

క్లిప్పులు టైటానియంవి, కార్ట్రిడ్జికి ఆరు. లోపల ఉండిపోయే వైపు రెండు, బయటికొచ్చే వైపు ఒకటి. మళ్లీ మళ్లీ వాడే క్లిప్ అప్లికేటర్ దవడలు కాలంతో వాలిపోతాయి, క్లిప్పు కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి సందు మిగులుతుంది. అందుకే బయటే ఒకసారి దవడలు కొన దగ్గర కలుస్తున్నాయో లేదో వెలుతురుకు పట్టి చూడాలి. క్లిప్పు వేసేటప్పుడు దాని అవతలి కొన నాళాన్ని దాటి కనబడాలి. నాళం లావుగా ఉంటే క్లిప్పు చాలదు, దారంతో ముడి వెయ్యాల్సిందే. క్లిప్పు పక్కన కోసేది మామూలు కత్తెరతో, కరెంటుతో కాదు. లోహం వేడిని పట్టుకుని నాళపు మొదలును మాడ్చేస్తుంది, నాలుగైదు రోజులకు అక్కణ్ణించి పిత్తం కారుతుంది. ధమని తెగి తెర ఎర్రబడితే మొదటి పని దేన్నో ఒకదాన్ని పట్టుకుని క్లిప్పు వెయ్యడం కాదు. గాల్ బ్లాడర్‌నే దాని మీదికి అదిమి, లేదా చిన్న గాజుగుడ్డ పెట్టి నాలుగు నిమిషాలు ఓపిక పట్టాలి, లెన్సు కడుక్కోవాలి, ఆ తర్వాత నెమ్మదిగా ఎత్తి చూడాలి. సగం సార్లు అప్పటికే ఆగి ఉంటుంది.

చీము పట్టి అంతా ముద్దగా మారితే? ముందుకు పోకుండా కొంత భాగం వదిలేసి మిగతాది తీసి డ్రెయిన్ పెట్టడం ఒక దారి, పొట్ట తెరవడం ఇంకో దారి, సీనియర్‌ను పిలవడం మూడోది. తొలిరోజుల్లో పొట్ట తెరిస్తే ‘ఫెయిలయ్యారంట’ అని వరండాలో గుసగుసలు. ఆ గుసగుసలకు భయపడని సర్జన్లే మంచి సర్జన్లు. వాళ్లు ఆపరేషన్‌కు ముందే ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ‘అమ్మా, అవసరమైతే పెద్ద కోత పెడతాను, అది ఆవిడ ప్రాణం కోసమే’ అని చెప్పి సంతకం తీసుకునేవాళ్లు. పెద్ద ఆపరేషన్ ట్రే కూడా విప్పకుండా పక్కన సిద్ధంగా ఉండేది.

ఖరీదైనవన్నీ కొనలేని కాలం కనుక చేత్తో చేసుకునేవి చాలా ఉండేవి. గాల్ బ్లాడర్‌ను బయటికి తెచ్చే సంచి బదులు సర్జికల్ గ్లౌజు. పౌడరు పోయేలా సెలైన్‌తో కడిగి, వేళ్లు ముడివేసి కత్తిరించి, మణికట్టు అంచుకు దారం కట్టి, మడిచి పది మిల్లీమీటర్ల పోర్టులోంచి దించేవాళ్లు. అపెండిక్స్‌కు రెడీమేడ్ లూప్ బదులు క్రోమిక్ క్యాట్‌గట్ దారంతో రోడర్ ముడి: ఒక ముడి, రెండు పోగుల చుట్టూ మూడు చుట్లు, చివర ఒక తాళం ముడి, దాన్ని నాట్ పుషర్‌తో లోపలికి తోసి బిగించడం. క్యాట్‌గట్ తడికి ఉబ్బి ముడి ఇంకా బిగుసుకుంటుంది, అదే దాని బలం. సిస్టర్లు ఖాళీ దొరికినప్పుడల్లా మంచం కమ్మీకి దారం కట్టి ఈ ముడి సాధన చేసేవాళ్లు, కొందరికి సర్జన్లకంటే బాగా వచ్చేది.

పనిముట్లు శుభ్రం చేసే సంగతి ఎంత చెప్పినా తక్కువే. పాత టెలిస్కోపులు ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఆవిరి పట్టి క్రిములను చంపే పాత్ర) వేడికి తట్టుకునేవి కావు. అన్నీ సైడెక్స్ ట్రేలో మునిగేవి. రెండు శాతం గ్లూటరాల్డిహైడ్, పొడి కలిపాక 14 రోజులే పని చేస్తుంది. ఇరవై నిమిషాలు ముంచితే చాలా క్రిములు చస్తాయి గానీ అది పూర్తి స్టెరిలైజేషన్ కాదు, దానికి పది గంటలు కావాలి. పట్టకారు కీళ్లు విప్పకుండా, లోపలి రక్తం బ్రష్‌తో కడగకుండా ముంచితే పది గంటలైనా వృథా. అన్నిటికంటే పెద్ద తప్పు ముంచి తీశాక మామూలు నీళ్లతో కడగడం. కుళాయిది కృష్ణ నీరైనా, బోరు నీరైనా, కాచి చల్లార్చినదైనా ఆఖరి కడుగుకు పనికిరాదు. ఆటోక్లేవ్ చేసిన నీళ్లే వాడాలి. లేకపోతే ఏమవుతుందంటే, పేషెంటు హాయిగా ఇంటికి వెళ్లిపోతాడు, గాయం మానిపోతుంది, మూడు నాలుగు వారాలకు బొడ్డు దగ్గర గట్టి గడ్డ లేస్తుంది, పలచటి నీళ్లు కారతాయి. మామూలు యాంటీబయాటిక్‌లు ఎన్ని వాడినా తగ్గదు, మామూలు కల్చర్‌లో ఏమీ రాదు. నీళ్లలో బతికే మైకోబాక్టీరియా అది, క్షయ క్రిమికి దూరపు చుట్టం. క్లారిత్రోమైసిన్, అమికాసిన్ లాంటివి నెలల తరబడి వాడాలి, ఒక్కోసారి ఆ ముక్క కోసి తీసేయాలి. దేశంలో ఎన్నో చోట్ల ఇలాంటి కేసులు వచ్చాకే చాలామంది ఆటోక్లేవ్ పట్టే టెలిస్కోపులకు, ఈటీవో గ్యాస్, ప్లాస్మా లాంటి స్టెరిలైజేషన్ పద్ధతులకు మారారు. గొప్ప సర్జన్ పేరు బోర్డు మీద ఉంటుంది, ఆ పేరు నిలబెట్టేది మాత్రం సింకు దగ్గర నిలబడే థియేటర్ అసిస్టెంటు.

కరెంటు కోతల సంగతి బెజవాడ, గుంటూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తెర నల్లబడగానే ఎవరూ కదలకూడదు, ఏ పనిముట్టునూ చూడకుండా లాగకూడదు, డయాతెర్మీ పెడల్ మీద కాలు తీసెయ్యాలి. జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో యూపీఎస్ కెమెరానూ లైటునూ నిలబెట్టాలి. డయాతెర్మీకి ఇంకో జాగ్రత్త. దాని హుక్ (కోసే కొక్కెం) మీది నల్లటి తొడుగు ఎక్కడైనా గీసుకుపోతే కరెంటు కొన దగ్గర కాకుండా ఆ చీలిక దగ్గర దూకుతుంది, తెరలో కనబడని చోట పేగు కాలుతుంది. కాబట్టి కడిగేటప్పుడే తొడుగు పొడవునా వేలితో, కంటితో చూడాలి.

చేతుల శిక్షణకు కార్డ్‌బోర్డు పెట్టె, లోపల ఒక ట్యూబ్‌లైటు, ఒక చిన్న కెమెరా, రెండు పాత పనిముట్లు చాలు. పొట్ట గోడ దగ్గర పనిముట్టు ఇరుసు పడుతుంది. పడవ తెడ్డులా చెయ్యి ఎడమకు పోతే కొన కుడికి పోతుంది. ఇది బుర్రకు కాదు, భుజానికి అలవాటు కావాలి. శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, చేతులు మారుస్తూ వెయ్యడం, గాజుగుడ్డ మీద గీసిన గుండ్రాన్ని కత్తిరించడం, ద్రాక్ష పండు తోలు వొలవడం, ఆ తర్వాత కోడి చర్మం మీద కుట్టు. దారం పదిహేను సెంటీమీటర్లకు మించితే లోపల చిక్కుపడుతుంది. సూదిని లోపలికి పంపేటప్పుడు సూదిని కాదు, దానికి రెండు మూడు సెంటీమీటర్ల వెనక దారాన్ని పట్టుకోవాలి. కుట్టేటప్పుడు మొన నుంచి మూడింట రెండొంతుల దగ్గర నిలువుగా పట్టాలి. మాంసం దుకాణం నుంచి గాల్ బ్లాడర్‌తో సహా మేక కార్జం తెచ్చి సాధన చేస్తే కాలేయం నుంచి విడదీసే అసలు పొర చేతికి తెలుస్తుంది. ఆ పెట్టె పనిముట్లు ఆ పెట్టెకే, పేషెంటు దగ్గరికి రాకూడదు. సర్జన్ ఒళ్లు కూడా పనిముట్టే. పనిముట్టు పిడి మోచేతి ఎత్తులో ఉండేలా బల్ల దించాలి, మోచెయ్యి 90, 120 డిగ్రీల మధ్య ఉండాలి, మానిటర్ కంటి చూపుకు కాస్త కిందే ఉండాలి. తల పైకెత్తి చూస్తూ ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లకు మెడ నొప్పులు మిగిలాయి, పిడి రింగులో బొటనవేలు మొదలంటా దూర్చినవాళ్లకు వేలు మొద్దుబారింది.

ఇప్పుడైతే ఎంఎస్ తర్వాత రెండేళ్ల ఎఫ్‌ఎన్‌బీ ఫెలోషిప్, లేదా మూడేళ్ల ఎంసీహెచ్ డిగ్రీ, ఇంకా చిన్న ఫెలోషిప్పులు అన్నీ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్ల కార్డు ఉన్నవాళ్లు కూడా ప్రైవేటు ఆస్పత్రి మెట్లు ధైర్యంగా ఎక్కారు. హెర్నియాకు పదిహేను బై పది సెంటీమీటర్ల మెష్ (వల) లోపలి నుంచి పెట్టడం మామూలైపోయింది. రోబోలూ వచ్చాయి. పని మాత్రం అదే.

పేషెంట్లకు చెప్పే మాటలూ మారలేదు. ఆపరేషన్ అయిన రోజు కుడి భుజం లాగేస్తుంటే గుండె నొప్పి అనుకుని ఇంటివాళ్లు హడలిపోయేవాళ్లు. మిగిలిన గ్యాస్ ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరను) రేపితే, ఆ నరం వచ్చే చోటు మెడలో ఉంటుంది కనుక నొప్పి భుజంలో తెలుస్తుంది. లేచి నడిస్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అందుకే ముగించేముందు గ్యాసంతా పోర్టుల్లోంచి పిండి తీసెయ్యాలి. పది మిల్లీమీటర్ల రంధ్రానికి పైచర్మం ఒక్కటే కాకుండా లోపలి గట్టి పొరకూ కుట్టు వెయ్యాలి, లేకపోతే నెలల తర్వాత అక్కడే హెర్నియా ఉబ్బుతుంది. మొదటి రోజు సాయంత్రం మంచినీళ్లు, తర్వాత ఇడ్లీ, వారం దాకా కారం నూనెలు తగ్గించుకుంటే చాలు.

డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడు సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో ఆస్పత్రి నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఊళ్లో ఎస్‌టీడీ బూత్ ఎక్కడుందో కనుక్కునే సర్జన్లు ఉండేవాళ్లు. వాళ్లు చెప్పే లెక్క ఒక్కటే. రోజు రోజుకూ నొప్పి తగ్గాలి, ఆకలి పెరగాలి. మూడో రోజో ఐదో రోజో నిన్నటికంటే ఇవాళ బాగాలేదు అనిపిస్తే, కడుపు ఉబ్బినా, జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, గ్యాసేలే అని సోడా తాగి కూర్చోవద్దు. క్లిప్పు జారి పిత్తం కారడం, కరెంటు తగిలిన పేగు తూటుపడటం సరిగ్గా ఆ రోజుల్లోనే బయటపడతాయి. అలా వచ్చినవాళ్లను వార్డులో ‘చూద్దాం’ అని పడుకోబెట్టకుండా అదే పూట స్కానింగ్, రక్తంలో బిలిరుబిన్ పరీక్ష చేయించి, అవసరమైతే రాత్రికి రాత్రే మళ్లీ టెలిస్కోపు లోపలికి పంపి చూసేవాళ్లు.